ఒక బెంగ తీరితే మరో బెంగ

హాస్టల్లో ఉన్న కొడుకు రోజూ రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తాడు. తొమ్మిదీ పది అయితే చాలు, ఆ తల్లికి కాళ్ళూ చేతులూ ఆడవు. "ఛార్జింగ్ అయిపోయిందమ్మా" అన్న మాట వినగానే ప్రాణం లేచొస్తుంది. పావుగంట గడవకముందే భర్త బీపీ మాత్ర వేసుకున్నారా అన్న గుబులు. అది తేలాక గ్యాస్ కట్టేశానా లేదా అని. పడుకున్నాక ఊళ్ళో ఒంటరిగా ఉన్న తండ్రి. ఇలాంటివాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. "ఆమెది మొదట్నుంచీ పిరికి మనసు" అని మనం సరిపెట్టుకుంటాం.

పరీక్ష ముందురోజు నిద్ర పట్టకపోవడం జబ్బు కాదు. పరీక్షతో ఆ బెంగా పోతుంది. జబ్బుగా మారిన బెంగ మాత్రం ఒకటి తీరగానే ఇంకొకటి వెతుక్కుంటుంది. డాక్టర్లు దీన్ని జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ అంటారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో తమ జబ్బుల వర్గీకరణలో దీనికి విడిగా చోటిచ్చింది. ఆపుదామన్నా ఆగని ఆందోళన కనీసం ఆరు నెలలుగా, ఎక్కువ రోజుల్లో ఉందా అని డాక్టర్లు చూస్తారు. కుదురు లేకపోవడం, ఇట్టే అలసిపోవడం, మనసు నిలవకపోవడం, చిరాకు, కండరాల బిగువు, నిద్ర చెడటం: పెద్దవాళ్ళలో ఈ ఆరింటిలో మూడైనా ఉండి, రోజువారీ పనులు దెబ్బతింటుంటే అది జబ్బే.

చిక్కేమిటంటే, మన దగ్గర ఇది మనసు పేరు చెప్పుకుని రాదు. మెడ పట్టేసిందని, గ్యాస్ అని, నరాల బలహీనత అని వస్తుంది. ఈసీజీ తీస్తారు, ఎండోస్కోపీ చేస్తారు, చివరికి "నీకేమీ లేదు" అంటారు. ఆ మాట రోగిని ఎంత నొప్పిస్తుందో చెప్పలేను. ఏమీ లేకపోతే ఈ నొప్పి ఎక్కడిది? నొప్పి నిజమే. ఆపద ఎదురైతే గుండె వేగం పెంచి, కండరాలు బిగించి ఒళ్ళు సిద్ధమవుతుంది. ఆపద ఊహలోదే అయినా ఒంటికి తేడా తెలియదు. నెలల తరబడి బిగుసుకున్న మెడ నొప్పి పుట్టక ఏం చేస్తుంది? థైరాయిడ్ అతిగా పనిచేసినా, కాఫీలు ఎక్కువైనా ఇలాగే ఉంటుంది కాబట్టి ఒకసారి పరీక్షలు అవసరమే. అన్నీ బాగున్నాయని తేలాక, ధీమా కోసం అవే పరీక్షలు పదే పదే చేయించుకోవడమే తప్పు.

ఎందుకంటే ఈ బెంగకు మేత ఆ ధీమాయే. కొడుకు ఫోన్ ఆలస్యమైతే తనే చేసి, అతని గొంతు వినగానే తల్లి మనసు కుదుటపడుతుంది. ఫోన్ చేశాను గనకే గండం గడిచిందని లోపల ముద్రపడుతుంది. రేపు ఇంకా తొందరగా చేయాలనిపిస్తుంది. అడిగినప్పుడల్లా "ఏం కాదులే" అని ఇంట్లోవాళ్ళు ప్రేమతో అనే మాటా అంతే. సీబీటీ అనే మాటల చికిత్స ఈ ముడి దగ్గరే పట్టుకుంటుంది. ఫోన్‌ను ఈ వారం పది నిమిషాలు ఆపండి, వచ్చే వారం అరగంట. ఏమీ చేయకపోయినా బెంగ దానంతటదే దిగుతుందని ఒంటికి అనుభవంలోకి రావాలి.

అమెరికా మనస్తత్వవేత్త థామస్ బోర్కోవెక్ బృందం 1983లో పరీక్షించిన పద్ధతి ఇంకొకటి ఉంది. బెంగపడటానికి రోజూ ఒకే చోట, ఒకే వేళ ఒక అరగంట కేటాయించుకోవాలి. వేళ కాని వేళ వచ్చినదాన్ని కాగితం మీద రాసి ఆ అరగంటకు వాయిదా వేయాలి. పడక మీద మాత్రం వద్దు.

మందులూ పనిచేస్తాయి. రోజూ వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అనే రకం మాత్రల గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, ఈలోగా మానేయకండి. అల్ప్రాజోలామ్ అనే మాత్ర సంగతి వేరు. అది త్వరగా హాయినిస్తుంది, త్వరగానే అలవాటవుతుంది. తెలంగాణలో కల్తీ కల్లులో కలుపుతూ పట్టుబడే మందుల్లో ఇదీ ఒకటి. చాలాకాలం వాడి హఠాత్తుగా ఆపితే మూర్ఛలు రావచ్చు. డాక్టర్ చీటీ లేకుండా కొనకండి, చెప్పకుండా ఆపకండి.

ఎవరిని అడగాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ ఇది. ఉచితం, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే రేపటిదాకా ఆగకండి, ఇప్పుడే చేయండి.