ఉప్పల్‌లో కొన్న ‘అమెరికా’ గ్లాసు

నాచారం పారిశ్రామికవాడ నుంచి ఉప్పల్ వైపు వస్తుంటే దారిలో ఒక పాత సామాన్ల దుకాణం. ఒకనాడు అక్కడ విరిగిన ఫ్యాన్లు, ఖాళీ సీసాల మధ్య ఒక గాజు గ్లాసు కనిపించింది. ఒంటినిండా వజ్రాల్లాంటి గళ్ళు. “అసలు అమెరికా సరుకు సార్, నూట యాభై ఏళ్ళది” అన్నాడు దుకాణదారు. మెస్ బిల్లుకని దాచుకున్న నాలుగు వందలు అతని చేతిలో పెట్టి, గర్వంగా గదికి తెచ్చుకున్నాను. తర్వాత పుస్తకాలు తిరగేస్తే గాని నా తెలివి ఎంతటిదో నాకు తెలిసిరాలేదు!

అమెరికాలో నిజంగానే అలాంటి గాజు ఉండేది. 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండు, ఐర్లండుల కట్ గ్లాస్ సామాను ధనికులకే అందేది. తిరిగే చక్రం మీద ఒక్కొక్క గాటూ పెట్టాలి మరి, ఖరీదు కాక ఏమవుతుంది? సుమారు 1815 నుంచి 1835 దాకా న్యూ ఇంగ్లండ్, ఒహాయో ప్రాంతాల పనివాళ్ళు రోమన్ల కాలం నాటి ఉపాయాన్నే మళ్ళీ పట్టుకున్నారు. కరిగిన గాజుముద్దను గొట్టం చివరకు ఎత్తి, లోపల నగిషీ చెక్కిన లోహపు అచ్చులో దించి ఊదడమే ఆ ఉపాయం. అచ్చు తలుపు రెక్కల్లా తెరుచుకుంటుంది. ఎక్కువగా మూడు ముక్కలు. అందుకే సేకరించేవాళ్ళు దీన్ని ‘బ్లోన్ త్రీ మోల్డ్’ అన్నారు. ఉప్పు గిన్నెలు, చక్కెర గిన్నెలు, గ్లాసులు, సారా పోసుకునే డికాంటర్లు ఇలా వచ్చాయి. 1825లో డెమింగ్ జార్వ్స్ మసాచుసెట్స్‌లోని శాండ్‌విచ్ ఊళ్ళో పెట్టిన కార్ఖానాలోనూ ఇవి చేసేవారు.

మరి గుర్తుపట్టడం ఎలా? మన వేలు చాలు. ఊదినప్పుడు గాజు అచ్చును అంటుకుంటుంది కనుక బయట ఎత్తుగా ఉన్నచోట లోపల పల్లం తగులుతుంది. కట్ గ్లాసుకు లోపల నునుపు, బయట అంచులు పదును. 1820లలో వచ్చిన యంత్రంతో నొక్కి చేసిన గాజుకూ లోపల నునుపే. ఎందుకంటే దాని లోపలికి దిగింది మనిషి ఊపిరి కాదు, ఇనుప దిమ్మ.

నా గ్లాసులో వేలు పెట్టి చూశాను. నున్నగా జారింది. నొక్కిన గాజే! అమెరికా మాట దేవుడెరుగు, దానికి ఊపిరే తగల్లేదు.

ఈ వెతుకులాటలోనే ఇంకో సంగతి తెలిసింది. తర్వాతి కాలంలో అక్కడి గాజు కార్ఖానాల్లో అచ్చు తెరిచి మూయడానికి, వేడి సామాను మోయడానికి చిన్నపిల్లల్ని పెట్టేవారు. 1908లో లూయిస్ హైన్ వాళ్ళ ఫోటోలు తీశాడు. మైకేల్ ఓవెన్స్ అనే ఆయన పదేళ్ళ వయసులోనే వీలింగ్ ఊరి కార్ఖానాలో కొలిమికి బొగ్గు వేశాడు. 1903 నాటికి సీసాలు వాటంతటవే తయారయ్యే యంత్రాన్ని నిలబెట్టింది ఆయనే. అది పిల్లల చాకిరీని తగ్గించింది. ఊదేవాళ్ళ కూడూ తీసింది. మేలెంతో కీడెంతో లెక్క వేయడం నాకైతే చేతకాలేదు.

ఇప్పుడా గ్లాసులో పెన్నులు పెట్టుకుంటున్నాను. మీలో ఎవరైనా అలాంటి దుకాణంలో ‘ఫారిన్’ గాజుకు మోజుపడితే, జేబులో చెయ్యి పెట్టేముందు గ్లాసులో వేలు పెట్టి చూడండి. నాలా మెస్ బాకీ పడకుండా బతికిపోతారు.