డిజిటల్ గ్రంథసూచికలో నెస్టెడ్ అన్వేషణ: ఆంధ్రమహాభారతం ఉదాహరణగా

1. ప్రవేశిక
ప్రాచీన గ్రంథాల వివరాలను డిజిటల్ సూచికలుగా కూర్చుకొని పరిశోధించే అవకాశం నేడు ఏర్పడింది. సూచిక ఇచ్చిన ఫలితాన్ని ప్రమాణంగా స్వీకరించే ముందు, అది వివరాలను ఏ రూపంలో భద్రపరుస్తుందో తెలుసుకోవాలి. బహుకర్తృక గ్రంథాల విషయంలో ఈ అవసరం మరింత ఎక్కువ. ఎలాస్టిక్‌సెర్చ్ అన్వేషణ వ్యవస్థ ఆధారంగా ఈ అంశాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సమస్య స్వరూపం
ఆంధ్రమహాభారతాన్ని ఒకే పత్రంగా నమోదు చేశామనుకుందాం. అందులో 'భాగాలు' అనే జాబితా ఉంటుంది. ప్రతి భాగానికీ కవి, పర్వం అనే రెండు వివరాలుంటాయి. ఆది, సభాపర్వాలు నన్నయవి. అరణ్యపర్వం నన్నయ, ఎఱ్ఱనలది. విరాటపర్వం మొదలు 15 పర్వాలు తిక్కనవి. అరణ్యపర్వానికి ఇద్దరు కవులు కనుక 18 పర్వాలకు 19 భాగాలవుతాయి.

సాధారణ పద్ధతిలో ఎలాస్టిక్‌సెర్చ్ ఈ జాబితాను చదునుచేసి, కవుల పేర్లన్నీ ఒకచోట, పర్వాల పేర్లన్నీ మరొకచోట చేరుస్తుంది. ఏ పర్వం ఎవరిదన్న సంబంధం అక్కడితో తెగిపోతుంది. అప్పుడు 'కవి ఎఱ్ఱన, పర్వం విరాట' అని వెదికినా ఈ గ్రంథం ఫలితాల్లోకి వస్తుంది. రెండు పేర్లూ పత్రంలో ఉన్నాయి. వాటి కలయిక మాత్రం అసత్యం.

3. పరిష్కారం
'భాగాలు' ఫీల్డును నెస్టెడ్ రకంగా ప్రకటిస్తే ప్రతి భాగమూ ఒక ప్రత్యేక అంతర్గత పత్రంగా నిలుస్తుంది. వెదికేటప్పుడు నెస్టెడ్ క్వెరీలో 'భాగాలు' అనే మార్గాన్ని పేర్కొని, రెండు నిబంధనలనూ ఆ ఒక్క క్వెరీలోనే ఉంచాలి. కవికి ఒకటి, పర్వానికి ఒకటి చొప్పున రెండు నెస్టెడ్ క్వెరీలు రాస్తే, ఒక్కొక్క నిబంధనను ఒక్కొక్క భాగం తీర్చవచ్చు. పాత దోషమే తిరిగివస్తుంది. ఏ భాగం సరిపోలిందో చూడడానికి 'ఇన్నర్ హిట్స్' అనే సౌకర్యం ఉంది.

4. నిషేధార్థక ప్రశ్నలు
'ఎఱ్ఱన రచన లేని గ్రంథాలేవి?' అన్న ప్రశ్నలో మరింత జాగ్రత్త అవసరం. 'మస్ట్ నాట్' నిబంధనను నెస్టెడ్ క్వెరీ లోపల ఉంచితే, ఎఱ్ఱనది కాని భాగం ఒక్కటైనా ఉన్న గ్రంథాలన్నీ వస్తాయి. నన్నయ ఆదిపర్వం కారణంగా మహాభారతమూ వస్తుంది. నిషేధం నెస్టెడ్ క్వెరీకి వెలుపల ఉన్నప్పుడే ఉద్దేశించిన అర్థం సిద్ధిస్తుంది. అయితే కర్తృవివరాలు నమోదుకాని గ్రంథాలు కూడా అప్పుడు ఫలితాల్లో చేరతాయి. నమోదులో లేకపోవడం వేరు, రచనే లేకపోవడం వేరు.

5. పరిమితులు
అంతర్గత పత్రాలు పెరిగేకొద్దీ భారం పెరుగుతుంది. మాతృపత్రంతో కలిపి మహాభారతం ఒక్కటే 20 పత్రాలవుతుంది. ఒక భాగాన్ని సవరించినా మొత్తం 20 పత్రాలనూ తిరిగి సూచీకరించాలి. సాధారణ పద్ధతిలో నిర్మించిన ఫీల్డును తరువాత నెస్టెడ్‌గా మార్చలేము; కొత్త సూచిక నిర్మించుకోవాలి. కనుక ఈ నిర్ణయం ఆరంభంలోనే జరగాలి.

6. ముగింపు
• సంబంధం తెగిన సూచిక, లేని కర్తృత్వానికి ఆధారం చూపగలదు.
• ఒకే భాగానికి వర్తించవలసిన నిబంధనలు ఒకే నెస్టెడ్ క్వెరీలో ఉండాలి.
• నిషేధం ఉన్న స్థానాన్ని బట్టి ప్రశ్న అర్థమే మారుతుంది.
• ఫలితాల సంఖ్యను పేర్కొనే పరిశోధకులు, ఆ సంఖ్యను రాబట్టిన ప్రశ్నను కూడా సిద్ధాంతగ్రంథంలో నమోదు చేయడం సముచితం.