గుండె ఆపరేషన్ అయిపోయింది.. మరి ఊపిరితిత్తుల సంగతి?

మల్కాజ్‌గిరి స్టేషన్‌లో ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఎక్కుతూ మా తమ్ముడు మధ్యలో ఆగి ఫోన్ తీసేవాడు. ఏదో మెసేజ్ చూస్తున్నాడనుకునేవాణ్ని. నిజానికి అది ఆయాసం!

వాడు మా పిన్ని కొడుకు. వయసు 24. నాలుగేళ్లప్పుడు గుండెకి ‘గ్లెన్ షంట్’ ఆపరేషన్ అయింది. ‘ఇంక బాగైపోయిందిలే’ అని ఇంట్లోవాళ్లు పదేళ్లుగా చెకప్‌కి తీసుకెళ్లలేదు. ఓ రోజు వేలికి ఆక్సీమీటర్ పెడితే 78 చూపించింది. మెషీన్ పాడైందేమోనని నా వేలికి పెట్టి చూశా. 98!

అసలు షంట్ అంటే ఏంటి?

పుట్టుకతోనే గుండెలో లోపం ఉండి, ఊపిరితిత్తులకి రక్తం సరిగా అందని పిల్లలుంటారు. ఒళ్లు నీలంగా మారుతుంది. వాళ్ల కోసం సర్జన్ వేసే కొత్త దారే షంట్. 1944లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో మొదటిసారి ఇలాంటి ఆపరేషన్ చేశారు. హెలెన్ టాసిగ్ ఆలోచన, ల్యాబ్‌లో వివియన్ థామస్ కష్టం, ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్ కత్తి.. ముగ్గురూ కలిస్తే అయిన పని అది.

తర్వాత వచ్చిన పాట్స్ (1946), వాటర్‌స్టన్ (1962) పద్ధతుల్లో మహాధమనినే నేరుగా ఊపిరితిత్తుల ధమనికి కలిపారు. కొందరిలో రక్తం మరీ ఎక్కువగా వెళ్లి, అక్కడి నాళాల గోడలు మందమై ఒత్తిడి పెరిగిపోయింది. అందుకే మామూలు షంట్‌గా వాటిని పక్కన పెట్టేశారు.

గ్లెన్‌లో సమస్య వేరు. తల, చేతుల నుంచి వచ్చే రక్తం ఊపిరితిత్తులకి వెళ్తుంది కానీ, కాలేయం నుంచి వచ్చేది నేరుగా వెళ్లదు. అందులో ఉండే ఏదో పదార్థం అందక కొందరికి ఊపిరితిత్తుల్లో అడ్డదారులు పుడతాయి. రక్తం ఆక్సిజన్ తీసుకోకుండానే దాటిపోతుంది. మా భాషలో చెప్పాలంటే, ఒక బగ్ ఫిక్స్ చేస్తే ఏళ్ల తర్వాత ఇంకో మాడ్యూల్‌లో ఎర్రర్ వచ్చినట్టు!

తమ్ముడి చేతి నరంలోకి బుడగలు కలిపిన సెలైన్ ఎక్కించి ఎకో తీశారు. ఊపిరితిత్తుల్లో ఆగాల్సిన బుడగలు గుండెలోకి వచ్చేశాయి. కాలేయం రక్తాన్ని కూడా ఊపిరితిత్తులకి మళ్లించే ‘ఫాంటాన్’ ఆపరేషన్ చేస్తే చాలామందిలో ఈ అడ్డదారులు తగ్గుతాయి. మావాడికి అది కుదురుతుందో లేదో డాక్టర్లు ఇంకా చూస్తున్నారు.

2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక మన దగ్గర ఎంతోమంది పిల్లలకి గుండె ఆపరేషన్లు జరిగాయి. వాళ్లలో చాలామంది ఇప్పుడు కాలేజీల్లో, ఉద్యోగాల్లో ఉన్నారు. మీరూ వాళ్లలో ఒకరైతే అమ్మని అడిగి పాత ఫైల్ బయటికి తీయండి. ఏ ఆపరేషన్ అయిందో తెలుసుకోండి. పెదాలు నీలంగా మారినా, గోళ్లు ఉబ్బినా, మెట్లెక్కితే ఆయాసం పెరిగినా ఆగొద్దు. బాగానే ఉన్నా సరే, ఒకసారి కార్డియాలజిస్టుని కలవండి.

ఇప్పుడు బ్రిడ్జి మీద తమ్ముడు ఫోన్ తీయడం లేదు. ‘అన్నా, కాసేపు ఆగుదాం’ అంటున్నాడు. ఇద్దరం ఆగుతున్నాం.