చెరువు ఒడ్డునే ఉన్నా ట్యాంకరే దిక్కు!

హైదరాబాదు: దుర్గం చెరువు నీరు ఒకప్పుడు గోల్కొండ కోటవాసుల దాహం తీర్చింది. అది కుతుబ్‌షాహీల నాటి ముచ్చట. నేడు ఆ చెరువు చుట్టూ మాదాపూరు, హైటెక్ సిటీ అద్దాల మేడలు లేచాయి. ఎండలు ముదిరితే చాలు, ఆ మేడల గేట్ల ముందు నీళ్ల ట్యాంకర్లు బారులు తీరుతున్నాయి. 2020లో ప్రారంభమైన తీగల వంతెన మీద నుంచి చెరువు అందం చూసి మురిసిపోవచ్చుగాని, ఆ నీరు తాగే వీలు లేదు.

నీళ్లు తేవడంలో పాలకులు ఏనాడూ చేతులు ముడుచుకు కూర్చోలేదు. 1908 మూసీ వరదల తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. పిమ్మట మంజీర వచ్చింది. 2004లో కృష్ణ, 2015లో గోదావరి జలాలూ అందాయి. గోదావరి నీరు ఎల్లంపల్లి నుంచి 150 కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో ప్రయాణిస్తోంది. దాన్ని తోడే పంపులకయ్యే కరెంటు ఖర్చు సరేసరి. ఇంతా చేసి నల్లా దాకా చేరకపోతే ఏం లాభం?

చిక్కంతా అక్కడే ఉంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక భవనాలు లేచినంత వేగంగా గొట్టాలు పడలేదు. శేరిలింగంపల్లి 2007 దాకా వేరే మునిసిపాలిటీ. నీళ్లు కావలసినవారు బోర్లు వేసుకున్నారు. ఇక్కడ నేల కింద ఉన్నది రాయి. రాతి పగుళ్లలో నిలిచిన నీరే బోరుకు ఆధారం. వాన నీరు లోపలికి దిగితేగాని ఆ పగుళ్లు నిండవు. ఆవరణంతా సిమెంటు పరిస్తే చినుకు ఇంకేదెలా? ఇంకుడు గుంత ఉండాలని నిబంధన ఉంది. కాగితం మీద గీసిన గుంత నేల మీద కనిపించని ఇళ్లూ ఉన్నాయి.

2024 వేసవిలో జలమండలి ట్యాంకర్లకు గిరాకీ విపరీతంగా పెరిగింది. ఆ తర్వాత, ట్యాంకర్లు తెప్పించుకునే ఇళ్లలో గుంతలున్నాయా అని అధికారులు ఆరా తీశారు. ఆలస్యమైనా మంచి పనే.

2021లో నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం వచ్చింది. మురికివాడలను మినహాయించి మిగతావారికి పనిచేసే మీటరు తప్పనిసరి అన్నారు. ఉచితంగా ఇచ్చేటప్పుడు కూడా కొలిచి ఇవ్వడం తెలివైన షరతే. అయితే అపార్టుమెంటుకంతా మీటరు ఒక్కటే అయినచోట, లోపల ఎవరెంత వాడారో తేలదు. నల్లా నీరు చాలనప్పుడు ట్యాంకర్ల ఖర్చు నెలనెలా మెయింటెనెన్సులో కలుస్తుంది. పొదుపుగా వాడిన ఇంటికీ, కారు కడిగిన ఇంటికీ ఒకే వాటా. అద్దెకున్నవారూ అది కట్టవలసిందే; గుంత తవ్వించే హక్కు మాత్రం వారికి లేదు.