తెర మీద మౌనం

ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఆపాక మరొకరు అందుకోవడానికి సుమారు సెకనులో ఐదో వంతు పడుతుంది. పది భాషల సంభాషణలను పోల్చి 2009లో పరిశోధకులు తేల్చిన లెక్క ఇది. ఫోన్ లైన్‌లో సెకనుకు పైగా జాప్యం కలిగిస్తే ఏమవుతుందో జర్మనీలో పరీక్షించి 2014లో ప్రకటించారు. తప్పు లైన్‌దే అయినా, అవతలి మనిషే శ్రద్ధగా వినడం లేదని జనం అనుకున్నారు.

మానసిక చికిత్సలో ఈ అపోహ చేటు చేస్తుంది. అక్కడ మౌనం కూడా మందే. గదిలో అయితే థెరపిస్టు మాట్లాడకపోయినా వింటున్నారని తెలుస్తుంది. వీడియోలో అదే మౌనం "హలో, వినిపిస్తోందా?" అన్న ప్రశ్నతో తెగిపోతుంది. 2020 లాక్‌డౌన్‌లో ఉన్నట్టుండి తెర ముందుకొచ్చిన సైకాలజిస్టులు "నేను మాట్లాడకపోతే లైన్ పోయిందనుకోకండి, వింటూనే ఉంటాను" అని ముందే చెప్పడం అలవాటు చేసుకోవాల్సి వచ్చింది. ఒళ్లో నలిగే చున్నీ కొన, ఆగకుండా ఊగే కాలు తెరకు అందవు. ఒకప్పుడు చూసి గ్రహించినదాన్ని ఇప్పుడు అడిగి తెలుసుకోవాలి: "ఇది చెబుతుంటే ఒంట్లో ఎలా ఉంది?" చూపుతోనూ చిక్కే. తెర మీది ముఖాన్ని చూస్తే అవతలివారికి మనం కళ్లు దించుకున్నట్టు కనిపిస్తుంది. ఆ ముఖం కనిపించే విండోను కెమెరాకు దగ్గరగా జరిపి, చేతులు కూడా కనబడేంత వెనక్కి కూర్చుంటే కొంత నయం.

మన ఇళ్లలో అసలు కష్టం చోటు. తలుపు వేసుకుని గంటసేపు మాట్లాడే వీలు ఎంతమందికి ఉంది? కొట్టే భర్త పక్క గదిలోనే ఉంటే ఆమె ఏం చెప్పగలదు? అందుకే అనుభవం ఉన్న థెరపిస్టులు అవును, కాదు అంటే సరిపోయే ప్రశ్నలతో మొదలుపెడతారు. ఎవరైనా వస్తే మాట మార్చడానికి ఒక గుర్తు అనుకుంటారు. ఎక్కడినుంచి మాట్లాడుతున్నారో, లైన్ తెగితే ఏ నంబరుకు చేయాలో, ప్రాణాపాయం అనిపిస్తే దగ్గర్లో ఎవరిని పిలవాలో రాసిపెట్టుకుంటారు. ఇవి అడగకుండా ఆన్‌లైన్ కౌన్సెలింగ్ మొదలే పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

ఒక్కోసారి క్లినిక్ కన్నా ఇల్లే మేలు. ఓసీడీ (వద్దనుకున్నా ఒకే ఆలోచన, ఒకే పని పదేపదే వెంటాడే రుగ్మత) ఉండి, తలుపు గడియ ముట్టుకుంటే చేతులు కడగకుండా ఉండలేని మనిషికి భయం పుట్టేది ఆ గడియ దగ్గరే. దాన్ని ముట్టుకుని, కడుక్కోకుండా ఆగి, ఆందోళనను ఓర్చుకోవడమే చికిత్స. ఫోన్‌ను ఆ గుమ్మం ముందే పెడితే థెరపిస్టు అక్కడే తోడుంటారు. కుంగుబాటు, ఆందోళనలకు వీడియోలో ఇచ్చే సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే చికిత్స) ముఖాముఖి చికిత్సకు దాదాపు సమానంగా పనిచేస్తోందని పరిశోధనలు చెబుతున్నాయి.

వీడియోకు వీలు లేనివారికి ఫోన్ ఉంది. 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌లో, 14416 నంబరుకు చేసి తెలుగులోనూ ఉచితంగా మాట్లాడవచ్చు. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు. బటన్ల ఫోన్ పట్టుకుని డాబా మీదికో, పొలం గట్టుకో వెళ్లవచ్చు కాబట్టి, ఇరుకింట్లో ఉన్నవారికి వీడియో కన్నా ఇదే ఎక్కువ అక్కరకొస్తుంది.