ఘాటు దిగునపుడు గేరు

కారు వేగము తగ్గించుటకు బ్రేకొక్కటియే చాలునని మనలో ననేకులు తలంతుము. సమభూమిపై నది కొంతవరకు నిజమే. కాని, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్న అరకు లోయనుండి అనంతగిరి ఘాటుమీదుగా విశాఖపట్టణమువైపు దిగువారి కా నమ్మకము ప్రాణాపాయకరము.

బ్రేకు రాపిడిచేత బండి వేగమును వేడిగా మార్చును. వేగము రెండింతలైనచో నీ వేడి నాలుగింతలగును. పల్లము పొడవునను బ్రేకునే త్రొక్కియుంచినచో వేడి చల్లారుట కవకాశముండదు, పట్టు సడలును. బ్రేకుద్రవము మరిగినచో పెడలు మెత్తగా లోనికి దిగునే గాని బండి యాగదు.

కావున క్రింది గేరు నాశ్రయింపవలెను. అందు చక్రములే ఇంజనును వడిగా త్రిప్పవలసివచ్చును. ఆ శ్రమచే బండి యురవడి తగ్గును. పల్లము రాకమునుపే బ్రేకుతో వేగము తగ్గించి, క్లచ్చి త్రొక్కి, నాలుగవ గేరునుండి మూడవదానికిని, అవసరమైన రెండవదానికిని వరుసగా దించి, క్లచ్చిని మెల్లగా విడువవలెను. మితిమీరిన వేగములో నొక్కమారుగా మొదటి గేరు వేసినచో చక్రములు జారవచ్చును. ఏ గేరులో నెక్కుదుమో దాదాపుగా నా గేరులోనే దిగుట మేలు.

పెట్రోలు మిగులునని కొందరు న్యూట్రలులో జారవిడుతురు. నేటి కార్లలో గేరునందుండగా యాక్సిలరేటరు విడిచినచో ఇంజనునకు పెట్రోలు దానంతట నదియే నిలిచిపోవును, న్యూట్రలులోనైన నిలువదు. కావున విద్యార్థులారా, ఆ జారుటవలన మిగులున దేమియులేదు. ఇంజను సాయము మాత్రము పోవును. బండిలోని వారందరి ప్రాణములును నడపువాని చేతిలో నున్నవని మరువకుందము.