పేరు లేని సీసా

మా గోదావరిఖనిలో ఏ ఇంటి గూడు చూసినా రెండు సీసాలు తప్పకుండా ఉంటాయి. ఒకటి కొబ్బరినూనె, రెండవది నీలగిరి తైలం. జలుబు చేస్తే ఆవిరి పట్టడానికీ, బాయి నుంచి వచ్చిన మనిషికి నడుం పట్టేస్తే మర్దనా చేయడానికీ అదే. ఈ మధ్య వాటి సరసన మూడవది చేరింది. టీ ట్రీ ఆయిల్ అట! వేలెడంత నల్లసీసా. మా చెల్లెలు హైదరాబాదు నుంచి తెచ్చి, "అన్నయ్యా, దీంతో మొటిమలు పోతాయి, చుండ్రు పోతుంది, ఇల్లు తుడిచే నీళ్ళలో కూడా వేసుకోవచ్చు" అని పెద్ద పురాణమే విప్పింది.

తెలుగు పాఠాలు చెప్పుకునే వాణ్ణి గనుక నా దృష్టి ముందు పేరు మీద పడింది. ఈ చెట్టుకూ, మనం పొద్దున్నే తాగే టీకీ ఏ చుట్టరికమూ లేదు. దీని అసలు బంధువులు జామ, నేరేడు, లవంగం, యూకలిప్టస్. పుట్టిల్లు ఆస్ట్రేలియా తూర్పు తీరం. అక్కడి ఆదివాసులు ఈ ఆకు నలిపి గాయాలకు వాడేవారు. 1920 ప్రాంతాల్లో సిడ్నీ రసాయన శాస్త్రజ్ఞుడు ఆర్థర్ పెన్‌ఫోల్డ్ ఈ తైలానికి క్రిములను చంపే గుణముందని చెప్పాక లోకానికి తెలిసింది.

మన నీలగిరి తైలమూ ఆ దేశపు చెట్టుదే. పందొమ్మిదవ శతాబ్దంలో తెల్లదొరలు వంటచెరకు కోసం నీలగిరి కొండల మీద యూకలిప్టస్ నాటించారు. కొండ పేరే తైలానికి నిలిచిపోయింది. మన వైపు కాగితం కోసం పెంచే జామాయిల్ తోటలు కూడా ఆ జాతివే.

మరి చెల్లెలి పురాణంలో నిజమెంత? కొంత ఉంది. 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మొటిమల రోగుల మీద పరీక్షించారు. నూటికి 5 పాళ్ళు ఈ తైలం కలిపిన పూత, మామూలు మొటిమల మందులాగే పనిచేసింది. కాకపోతే నెమ్మదిగా పనిచేసింది, మంట మాత్రం తక్కువ. ఇంట్లో కలుపుకోవాలంటే ఒక చిన్న చెంచాడు కొబ్బరినూనెలో అయిదు చుక్కలు చాలు. ముందు మోచేతి లోపలి వైపు కాస్త రాసి, ఒక రోజు ఆగి చూడాలి. దురద పుడితే మానుకోవాలి. మూత తీసి వదిలేసిన పాత తైలం గాలికి మారిపోయి చర్మాన్ని మరింత బాధిస్తుంది. అందుకే ఆ నల్లసీసా.

మా పక్కింటాయన బాయిలో పనిచేస్తాడు. రోజంతా గమ్ బూట్లలో నాని వేళ్ళ సందులు తెల్లబడి ఒకటే దురద. "సార్, గీ నూనెతోని పోతదా?" అని అడిగాడు. 2002లో జరిగిన ఒక పరీక్షలో సగం పాలు తైలమున్న ద్రావణం రాసుకున్నవారిలో నూటికి 64 మందికి ఆ శిలీంధ్రం పోయింది. తైలం లేని ఉత్త ద్రావణం రాసుకున్నవారిలో 31 మందికే పోయింది. అయితే కొందరికి చర్మం పొక్కింది కూడా. "మందుల షాపులో దొరికే మామూలు మలాము చవక, నమ్మకం. వేళ్ళ సందులు తుడిచి ఆరబెట్టుకో, రోజూ మేజోళ్ళు మార్చుకో" అన్నాను. చక్కెర వ్యాధి ఉన్నవారైతే సొంత వైద్యం మాని డాక్టరుకు చూపించుకోవాలి.

ఇంత చెప్పే పెద్దమనిషి చేసిన ఘనకార్యం ఇప్పుడు వినండి. ఊటీ నుంచి తెచ్చిన నీలగిరి తైలంలో కొంత, మా అమ్మ కోసం, ఖాళీ అయిన దగ్గుమందు సీసాలో పోసి కిటికీలో పెట్టాను. పైన చీటీ అంటించలేదు. మూడేళ్ళ మా మేనల్లుడికి ఆ సీసా అంటే తియ్యటి మందు! ఎత్తి గుటకేశాడు. ఒకటే దగ్గు. పావుగంటకు వాడి కళ్ళు మూతలు పడసాగాయి. అమ్మ కక్కిద్దామని ఉప్పునీళ్ళు తెచ్చింది. కేకలు విని వచ్చిన పక్కింటాయన చెయ్యి పట్టుకున్నంత పనిచేశాడు. "అమ్మా, పొయ్యకు! కక్కితే ఊపిరితిత్తులకు పోతది. మాకు బాయిల ఫస్ట్ ఎయిడ్ శిక్షణల చెప్పిన్రు" అని, సీసా జేబులో వేసుకుని, పిల్లవాణ్ణి భుజాన వేసుకుని ఆటో ఎక్కాడు.

ఆస్పత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "ఏమిటది? ఎంత తాగాడు?" ఏమిటో చెప్పగలిగాను. ఎంతో చెప్పలేకపోయాను. ఒక్క చెంచాడు కూడా చిన్నపిల్లలకు మూర్ఛ తెప్పించగలదట. కర్పూరమూ అంతే, టీ ట్రీ తైలమూ కడుపులోకి వెళ్ళరానిదే. ఆ రాత్రి మా చెల్లెలు నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండుననిపించింది. తెల్లవారాక వాడు లేచి "మామయ్యా, ఇడ్లీ" అన్నాడు.

కాబట్టి తల్లులకు నా మనవి. ఏ తైలాన్నీ మందు సీసాలోకి మార్చవద్దు. పిల్లలకు అందని చోట, తాళం వేసి ఉంచండి. రెండేళ్ళ లోపు పసివాళ్ళ ముక్కు దగ్గర నీలగిరి తైలం, కర్పూరం రాయవద్దు. ఊపిరి పట్టేయవచ్చు. పిల్లవాడు తాగితే కక్కించవద్దు. సీసా వెంట తీసుకుని ఆస్పత్రికి పరుగెత్తండి, లేదా 108కి ఫోను చేయండి.

ఇప్పుడు మా ఇంట్లో ఉప్పు డబ్బాకు కూడా చీటీ ఉంది. పక్కింటాయన కాళ్ళంటారా? మలాముతో నయమయ్యాయి.